గోపాలపూర్ నుంచి రుషికుల్య మొగ దాకా: మన కెరటాల్ని, మన ఇసుకని కాపాడుకునేది ఎలా?

కెరటాల కుర్రోడు:
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గోపాలపూర్‌కి దక్షిణాన ఒక జాలరి పేట. ఊరి పేరు ప్రస్తుతానికి రాయను, మా వాళ్ళతో గొడవ తెచ్చుకోవడం ఇష్టం లేదు. బరంపురంలో ఉద్యోగం, ఆదివారం వస్తే తెల్లారగట్ల నాలుగున్నరకే బండి తీసి సముద్రం దగ్గరికి వెళ్ళిపోతాను. తొమ్మిదో తరగతిలో విరిగిపోయిన తెప్ప చెక్క మీద బోర్లా పడుకుని కెరటం ఎక్కడం నేర్చుకున్నాను, ఇప్పుడు పాతదే అయినా సొంత సర్ఫ్ బోర్డు ఉంది.

మా పేట ముందు, ఒడ్డుకి నూరు గజాల దూరంలో నీళ్ళ కింద ఒక ఇసుక తిన్నె ఉంది. మే నుంచి సెప్టెంబరు దాకా దక్షిణం నుంచి వచ్చే అల ఆ తిన్నె తగలగానే పైకి లేస్తుంది, దక్షిణం కొస నుంచి ఉత్తరం వైపు పాత బట్ట చింపినట్టు వరసగా విరుగుతూ పోతుంది. ఆ విరుగుడుకి ఒక అడుగు ముందు మనం జారుతూ ఉంటాం. నా దృష్టిలో ఒడిశా తీరంలో ఇంత మంచి కెరటాలు చాలా తక్కువ చోట్ల ఉన్నాయి, ఈ మాట అభిమానంతోనే అంటున్నాను కానీ అబద్ధం మాత్రం కాదు.

ఇప్పుడు టెన్షన్ ఏంటంటే, పోయిన నెల కొందరు వచ్చి కొలతలు తీసుకున్నారు, ఎర్ర జెండాలు పాతారు. ఒడ్డు పొడుగునా రాళ్ళ గోడ, దాని మీద నడక దారి, లైట్లు, కుర్చీలు వస్తాయని పేటలో చెప్పుకుంటున్నారు. పెద్దవాళ్ళు సంతోషంగా ఉన్నారు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. గోడ కడితే ఆ తిన్నె ఉంటుందా? నేను అడిగేది తప్పా? తెలిసినవాళ్ళు చెప్పండి.

తండేలు మనవడు:
తమ్ముడూ, కోపం తెచ్చుకోకు, సూటిగా చెప్తాను. నీకు అది కెరటం, మాకు అది ఇల్లు. మా అత్తవారిది పొడంపేట. రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగకి పక్కనే ఉండేది, ఇప్పుడు అక్కడ ఊరు లేదు. నా పెళ్ళికి వెళ్ళినప్పుడు ఊరికీ సముద్రానికీ మధ్య క్రికెట్ ఆడేంత ఇసుక ఉండేది. తర్వాత తర్వాత ఒక్కొక్క వరస ఇళ్ళు పోయాయి. మా మామగారి వంటిల్లు సగం కూలి, పొయ్యి బయటికి కనిపిస్తూ ఉండేది, ఆ పొయ్యిలోకే నీళ్ళు వచ్చి వెళ్ళేవి. నేల నుయ్యి చుట్టూ ఇసుక కొట్టుకుపోయి, నుయ్యి ఒక్కటే గొట్టంలా పైకి నిలబడి ఉండటం నా కళ్ళారా చూశాను. అటు దక్షిణాన రామయపట్నం వాళ్ళకీ ఇదే గతి పట్టింది. అలాంటి చోట గోడ వద్దని నేను ఎవరితో చెప్పను? గోడ వద్దంటే ఇంకేం కావాలో కూడా నువ్వే చెప్పాలి.

కెరటాల కుర్రోడు:
అన్నా, మీ మాట అక్షరాలా నిజం. పొడంపేట సంగతి నాకూ తెలుసు, మా పెద్దమ్మ వాళ్ళు కూడా అక్కడి నుంచే లోపలికి వచ్చేశారు. ఇల్లు కంటే ఆట గొప్పదని నేను అనను. గోడ నిజంగా ఇంటిని కాపాడుతుందా అన్నదే నా అనుమానం.

ఇసుక మాస్టారు:
కుర్రోడు అడిగిందీ, మనవడు గారు చెప్పిందీ రెండూ ఒకే ప్రశ్న. నేను బరంపురంలో ముప్ఫై ఏళ్ళు జాగ్రఫీ చెప్పి రిటైర్ అయ్యాను, ఈ తీరం మీద పిల్లల్ని తీసుకుని తిరిగినవాణ్ణి. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మన ఒడ్డున ఇసుక ఒక చోట కూర్చునేది కాదు, నడిచేది. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డుని తాకుతాయి. వచ్చేటప్పుడు ఇసుకని ఏటవాలుగా పైకి తోస్తాయి, వెనక్కి పోయేటప్పుడు తిన్నగా కిందికి లాగుతాయి. అలా ప్రతి కెరటానికీ ఇసుక రేణువు కాస్త ఉత్తరానికి జరుగుతుంది. చలికాలంలో కొంత వెనక్కి వచ్చినా, ఏడాది మొత్తం మీద లెక్క కడితే మన తూర్పు తీరంలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికే పోతుంది, అదీ ఏటా లక్షల ఘనపు మీటర్లు. దీన్ని ఏరులాగే ఊహించుకోండి, నీళ్ళకి బదులు ఇసుక పారే ఏరు.

ఆ ఏటికి అడ్డంగా సముద్రంలోకి రాళ్ళ కట్ట వేస్తే దానికి దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఆకలి మొదలవుతుంది. చెన్నైలో మెరీనా అంత వెడల్పు కావడానికి దాని ఉత్తరాన కట్టిన హార్బరే కారణం, అదే హార్బరుకి ఉత్తరాన రాయపురం వైపు ఒడ్డు కోసుకుపోయింది. పుదుచ్చేరిలో 1989లో హార్బరు గోడలు వచ్చాక ఊరి ముందు ఇసుక మొత్తం పోయి రాళ్ళు మిగిలాయి. ఒక తరం పిల్లలు అక్కడ బీచ్ అంటే నల్ల రాళ్ళే అనుకుని పెరిగారు.

ఇక ఒడ్డు పొడుగునా కట్టే గోడ సంగతి. అది వెనకున్న రోడ్డుని కొన్నాళ్ళు కాపాడుతుంది, కాదనను. కానీ ఇసుక ఒడ్డు అలని మింగుతుంది, రాతి గోడ వెనక్కి కొడుతుంది. ఆ వెనక్కి కొట్టిన నీరు గోడ పాదం దగ్గర ఇసుకని తవ్వుకుపోతుంది. గోడ ఉంటుంది, దాని ముందు బీచ్ ఉండదు. గోడ ఎక్కడ ఆగిపోతుందో ఆ చివర పక్కవాడి ఇంటి దగ్గర కోత ఎక్కువవుతుంది. అందుకే ఒక ఊరికి గోడ వస్తే పక్క ఊరు కూడా గోడ అడుగుతుంది, ఆ వరస ఇక ఆగదు.

తిన్నె గురించి అడిగావు కదా నాన్నా. మీటరు ఎత్తు అల సుమారు మీటరుంపావు లోతు నీళ్ళలోకి రాగానే విరుగుతుంది. నీ తిన్నె ఆ లోతులో ఉంది కాబట్టే నీకు ఆ కెరటం. ఇసుక రాక తగ్గితే తిన్నె అణిగిపోతుంది, అప్పుడు అల తిన్నగా ఒడ్డు మీదికే వచ్చి ఒక్కసారిగా కూలుతుంది. నీ ఆటా పోతుంది, మనవడు గారి వంటింటి గోడా పోతుంది. ఒడ్డుకి దూరంగా అలని విరగ్గొట్టే ఆ తిన్నె పేటకి కూడా కాపలాయే.

తండేలు మనవడు:
మాస్టారూ, చివర చెప్పిన మాట మా తాతకి చదవడం రాకపోయినా తెలుసు. పడవ దించేటప్పుడు ఆయన ముందు తిన్నెనే చూసేవాడు. తిన్నె మీద తెల్లగా విరుగుతుంది, దాని పక్కన కెరటం విరగని సందు ఒకటి ఉంటుంది, నీళ్ళు బయటికి లాగుతూ ముదురు రంగులో కనిపిస్తుంది. ఇప్పటికీ ఫైబర్ బోటు ఆ సందులోంచే తీస్తాం. పెద్ద కెరటాలు వరసగా పోనిచ్చి, కాస్త తెరిపి ఇవ్వగానే ఇంజిను లాగుతాం. ఒక్క క్షణం అటూ ఇటూ అయితే బోటు బోల్తా పడుతుంది, మా చిన్నాన్న కాలు అలాగే విరిగింది.

కెరటాల కుర్రోడు:
అన్నా! మేము బోర్డు మీద బయటికి వెళ్ళేది కూడా అదే సందులోంచి. మీ వాళ్ళు బోటు ఎక్కడ తోస్తున్నారో చూసి అక్కడే దిగుతాను, ఇన్నాళ్ళూ అలాగే నేర్చుకున్నాను.

జగదాంబ సెంటర్:
విశాఖ నుంచి రాస్తున్నాను. మాస్టారు గారు చెప్పింది మా ఊళ్ళో తొంభై ఏళ్ళుగా జరుగుతోంది. మా నౌకాశ్రయం 1933లో తెరుచుకుంది, దాని కోసం రెండు పాత ఓడల్ని ముంచి మరీ అలలకి అడ్డుకట్ట వేశారు. దక్షిణాన ఆగిన ఇసుకని డ్రెడ్జర్‌తో తోడి ఆర్కే బీచ్ వైపు పోస్తూ వచ్చారు, పోయడం తగ్గిన ఏడాది ఒడ్డు కోసుకుపోతుంది. మా ఇంట్లో పెద్దవాళ్ళు చూపించే పాత ఫొటోల్లో ఉన్న బీచ్ ఇప్పుడు అంత వెడల్పు లేదు. కట్టాక బాగుచేయడం అంటే జీవితాంతం మందులు వాడటం లాంటిది, అందుకని కట్టక ముందే అడగండి.

రుషికొండకి, మీ ఒడిశాలో పూరీ గోల్డెన్ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. మంచిదే, శుభ్రత పెరిగింది. కానీ ఆ గుర్తింపు నీళ్ళ నాణ్యత, సౌకర్యాలు, భద్రత చూసి ఇచ్చేది. కెరటానికీ ఇసుక నడకకీ అది రక్షణ కాదు.

ఒడ్డున టీ కొట్టు:
నేను గోపాలపూర్‌లో కొట్టు నడుపుతాను. దసరాకి, జనవరి ఒకటికి వచ్చే జనం మీదే మా ఏడాది సంసారం. లైట్లు, నడక దారి వస్తే సాయంత్రం ఇంకో రెండు గంటలు జనం ఉంటారు, మాకు అది అన్నం. అన్నిటికీ వద్దు వద్దు అంటే కుర్రాళ్ళందరూ సూరత్, చెన్నై రైలే ఎక్కాలి, ఇప్పటికే సగం మంది అక్కడే ఉన్నారు. సర్ఫింగ్ వల్ల ఇక్కడ ఎంతమందికి పని దొరికింది చెప్పండి.

తాబేళ్ళ చెల్లి:
టీ కొట్టు అన్నయ్యా, మీ మాటలో న్యాయం ఉంది. లైట్ల గురించి మాత్రం ఒక్క రాత్రి చూసింది చెప్పనివ్వండి.

మాది పురుణాబంధ దగ్గర. రుషికుల్య ఒడ్డున ఆలివ్ రిడ్లే తాబేళ్ళు లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయని బయటి ప్రపంచానికి తెలిసింది 1994లో, మా వాళ్ళకి అంతకు ముందే తెలుసు. 2025 ఫిబ్రవరిలో పది రోజుల్లోపు దాదాపు 7 లక్షల తాబేళ్ళు ఎక్కాయి. ఒక్కొక్కటి నూరు గుడ్ల దాకా పెడుతుంది, నెలన్నర దాటాక పిల్లలు రాత్రి పూట బయటికి వస్తాయి. అగ్గిపెట్టె అంత కూడా ఉండవు. చీకట్లో సముద్రం మీద ఆకాశం కాస్త వెలుతురుగా ఉంటుంది, దాన్ని చూసే అవి అటు పాకుతాయి. ఆ రాత్రి వెనక వైపు ఎక్కడో ఒక పెద్ద లైటు వెలుగుతోంది. పిల్లలన్నీ దాని వైపు తిరిగాయి. ఇసుక దాటి, సరుగుడు తోపు దాటి, తారు రోడ్డు మీదికి వెళ్ళిపోయాయి. నేనూ మా అమ్మా ఇంకో పదిమందీ చీరకొంగుల్లో, బకెట్లలో ఎత్తి తెచ్చి తడి ఇసుక మీద వదిలాం. బండ్ల కింద పడినవాటిని పొద్దున కాకులు తిన్నాయి. ఆ చప్పుడు లేని నడక ఒకసారి చూస్తే మరిచిపోలేరు.

లైట్లు పూర్తిగా వద్దని కాదు. కిందికి వంచి, మూత పెట్టి, పసుపు ఎరుపు మధ్య రంగు వాడి, గుడ్ల కాలంలో తొమ్మిది దాటాక ఆర్పేస్తే చాలు. సముద్రం వైపు మాత్రం ఒక్కటి కూడా తిప్పకూడదు.

ఇంకో మాట, ఒడ్డు కోత పడి మనిషి నడుము ఎత్తు ఇసుక గోడ లేస్తే తాబేలు ఎక్కలేదు. కింద తిరిగి తిరిగి తడి ఇసుకలోనే పెట్టేసి వెళ్తుంది, మర్నాడు పోటుకి గుడ్లన్నీ తేలిపోతాయి. కాబట్టి తాబేలుకీ కావలసింది కుర్రోడు అడుగుతున్న ఆ ఇసుకే.

తండేలు మనవడు:
చెల్లీ, తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ఏడు నెలలు మొగ దగ్గర 20 కిలోమీటర్ల లోపల వేట బంద్. దాని భారం మొత్తం మా మీదే పడింది, అది కూడా రాయాలి. మేము తాబేలుని కూర్మావతారం అని దండం పెట్టుకునే వాళ్ళం, వలలో పడితే వదిలేసేవాళ్ళం. ట్రాలర్లు చేసిన నష్టానికి చిన్న పడవవాడు ఆకలితో ఉన్నాడు. రేపు సర్ఫింగ్ బీచ్ అని ఒక బోర్డు పెట్టి, ఇక్కడ పడవలు ఆపకూడదు, వలలు ఆరబెట్టకూడదు అంటే నేను మొదటివాణ్ణి అడ్డం నిలబడతాను.

కెరటాల కుర్రోడు:
అలాంటి బోర్డు ఎవరైనా పెడితే మీ పక్కన నేనూ నిలబడతాను అన్నా. ఇది రాసి పెట్టుకోండి.

ఇచ్ఛాపురం సీమన్:
ఓడలో పని కాబట్టి ఆలస్యంగా చూశాను. మీ మొగ కథ చదువుతుంటే స్పెయిన్‌లోని ముందాకా (Mundaka) అనే ఊరు గుర్తొచ్చింది. అక్కడా ఒక ఏరు సముద్రంలో కలిసే చోట ఇసుక తిన్నె, దాని మీద యూరప్‌లోనే పేరున్న కెరటం. 2003లో పైనున్న ఓడల యార్డు కోసం ఏటి నోట్లో ఇసుక తవ్వారు. తిన్నె ఆకారం మారింది, కెరటం మాయమైంది, 2005లో జరగాల్సిన ప్రపంచ స్థాయి పోటీ ఆపేశారు. ఆ చిన్న ఊళ్ళో లాడ్జీలు, హోటళ్ళు ఖాళీ. తవ్వకం ఆగాక ఏరే మెల్లగా ఇసుక తెచ్చి పోసుకుంది, కెరటం తిరిగి వచ్చింది. టీ కొట్టు గారూ, కెరటానికి ఊరి సంపాదనకీ సంబంధం ఉందని వాళ్ళకి అది పోయాకే తెలిసింది.

రక్షించుకున్న చోట్లు కూడా ఉన్నాయి. ఆస్ట్రేలియాలో బెల్స్ బీచ్‌ని 1973లోనే సర్ఫింగ్ కోసం ప్రత్యేకంగా రిజర్వు చేశారు. న్యూజిలాండ్ వాళ్ళు 2010లో తీర విధానంలోనే 17 కెరటాల పేర్లు రాసి, వాటికి నష్టం కలిగేలా ఏదీ కట్టకూడదన్నారు. కెరటాన్ని కూడా కొండలా, చెరువులా దేశపు ఆస్తిగా లెక్కలో రాసుకున్నారన్నమాట. మన దగ్గర అలాంటి చట్టం లేదు.

కోర్టుపేట వకీలు:
ఆ పేరుతో చట్టం లేకపోయినా చేతిలో ఏమీ లేదనుకోవద్దు. తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్, సీఆర్‌జెడ్ అంటామే, 1991లో మొదలై 2011లో, 2019లో మారుతూ వచ్చింది. అందులో ఇసుక దిబ్బలు, తాబేళ్ళు గుడ్లు పెట్టే ఒడ్డు, మడ అడవులు అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న వర్గంలో ఉన్నాయి. మీ పేట పక్కన ఇసుక దిబ్బ ఉంటే దాన్ని సీఆర్‌జెడ్ మ్యాపులో దిబ్బగా గుర్తించారా లేదా చూడండి. గుర్తించకపోతే ముందు దాని మీద అర్జీ పెట్టండి, అది కెరటం మీద పెట్టే అర్జీ కంటే బలంగా నిలబడుతుంది. గోడ గురించి ఏ అనుమతి ఉంది, ఎవరు అధ్యయనం చేశారు, ఉత్తరాన పక్క ఊరి మీద ప్రభావం లెక్క కట్టారా అని సమాచార హక్కు కింద అడగండి, పది రూపాయల పని.

పోర్టు లాంటి పెద్ద ప్రాజెక్టులైతే 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి, కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి. వెళ్ళి మాట్లాడటమే కాదు, రాసి ఇచ్చి ముద్ర వేయించుకున్న కాపీ దగ్గర పెట్టుకోండి.

తండేలు మనవడు:
వకీలు గారూ, స్థానిక భాష అంటే ఇక్కడ ఒడియా. మా పేటలో ఇంట్లో మాట్లాడేది తెలుగు, మమ్మల్ని ఒడియా వాళ్ళు నోలియాలు అంటారు. మా పిల్లలు ఒడియా బడికి వెళ్తారు, వాళ్ళకి తెలుగు చదవడం రాదు. మా నాన్నకి రెండూ చదవడం రాదు. ఒకసారి ఇలాంటి మీటింగులోనే ఆయన వేలిముద్ర వేసి వచ్చాడు. ఏం కాగితం నాన్నా అంటే, ఏమో, టిఫిన్ పెట్టారు అన్నాడు. అది గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది.

తాబేళ్ళ చెల్లి:
నేను ఒడియా మీడియంలోనే చదివాను, తెలుగు తర్వాత సొంతంగా నేర్చుకున్నాను. ఏ కాగితం వచ్చినా నాకు పంపండి. చదివి, తెలుగులో ఆడియో రికార్డు చేసి పేట వాట్సాప్‌లో పెడతాను. ఒకటి రెండు పేజీలైతే ఆ రాత్రికే.

కెరటాల కుర్రోడు:
అక్కా, ఈ ఒక్క మాటకే ఈ చర్చ మొదలుపెట్టినందుకు ఫలితం దక్కింది.

మనవడు అన్న మొదట్లో అడిగాడు, గోడ కాకపోతే ఏంటి అని. మాస్టారూ, మీరే చెప్పాలి.

ఇసుక మాస్టారు:
ఒకే మందు అన్ని ఊళ్ళకీ పనిచేయదు. కోత ఇంటి గుమ్మం దాకా వచ్చిన చోట రాళ్ళో, జియో ట్యూబులో తప్పకపోవచ్చు, కేంద్రపడా జిల్లా పెంఠాలో ఇసుక నింపిన ట్యూబులతోనే గట్టు వేశారు. పుదుచ్చేరిలో 2018లో నీళ్ళ కింద ఒక కృత్రిమ తిన్నె లాంటిది ఏర్పాటు చేస్తే ఊరి ముందు మళ్ళీ ఇసుక చేరింది. ప్రకృతి ఇచ్చిన తిన్నె ఏం చేస్తుందో అదే పని డబ్బు పెట్టి చేయించారు.

కోత ఇంకా మొదలుకాని చోట అన్నిటికంటే చవకైనది దిబ్బని దిబ్బలా ఉంచడం. ముందు వరసలో ఊదారంగు పూల తీగ, రావణాసురుడి మీసాలు అనే గడ్డి, వెనక మొగలి పొదలు. మన గంజాం మొగలికి దేశమంతా పేరుంది, అత్తరు కోసం కోస్తాం కానీ ఆ వేళ్ళు ఇసుకని ఎలా పట్టుకుంటాయో ఎవరూ చూడరు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ ఇక్కడే ఒడ్డు దాటింది కదా, తెల్లారి నేను తిరిగి చూసినప్పుడు సరుగుడు చెట్లు వరసలు వరసలుగా పడి ఉన్నాయి, మొగలి పొదలున్న దిబ్బ ముందుభాగం పోయినా వెనకభాగం నిలబడే ఉంది. తుఫానులో సముద్రం తీసుకెళ్ళేది ఆ దిబ్బ ఇసుకనే, దాన్ని తీసుకెళ్ళి తిన్నెగా పోస్తుంది, తర్వాత నెమ్మదిగా ఒడ్డుకి తిరిగి తెస్తుంది. దిబ్బని చదును చేసి రోడ్డు వేస్తే ఆ బ్యాంకు మూసేసినట్టే. నడక దారి కావాలంటే దిబ్బ వెనక వేయమనండి. టీ కొట్టు గారి జనం అక్కడా నడుస్తారు.

ఒడ్డున టీ కొట్టు:
దిబ్బ వెనక వేస్తే నాకేం అభ్యంతరం లేదండీ. నిజానికి నా కొట్టుకి అదే దగ్గర. లైటు విషయం కూడా ఆలోచిస్తాను, నా కొట్టుది సముద్రం వైపే ఉంది, ఈ రాత్రికి దాన్ని తిప్పేస్తాను.

జగదాంబ సెంటర్:
ఒకటే సలహా. ఇప్పటి నుంచే కొలవండి. మా దగ్గర ఒకప్పుడు బీచ్ ఎంత ఉండేదో చెప్పడానికి పెళ్ళి ఫొటోల వెనక కనిపించే ఇసుకని వెతుక్కోవాల్సి వచ్చింది. నెలకోసారి, అమావాస్య మర్నాడు పాటు బాగా దిగినప్పుడు, ఒకే చోట నిలబడి ఒకే వైపు ఫొటో తీయండి. కదలని గుర్తు ఒకటి పెట్టుకోండి, గుడి గోడో, లైట్‌హౌసో.

తండేలు మనవడు:
మా పేటలో గంగమ్మ గుడి మెట్టు ఉంది. ఫైలిన్‌కి కూడా కదల్లేదు.

కుర్రోడా, ఈ ఆదివారం బోర్డు తెచ్చుకో, టేపు కూడా తెచ్చుకో. మా నాన్నని తీసుకొస్తాను. ఆయనకి చదువు రాదు కానీ తిన్నె ఏ ఏడాది ఎక్కడ ఉందో చెప్తాడు, ఏ తుఫానుకి ఎటు జరిగిందో చెప్తాడు. చెల్లి రాసుకోవాలి, రెండు భాషల్లోనూ.

తాబేళ్ళ చెల్లి:
వస్తాను. ఐదు గంటలకే ఉంటాను.

కెరటాల కుర్రోడు:
ఆదివారం రాత్రి రాస్తున్నాను, చేతులు ఇంకా ఉప్పుగానే ఉన్నాయి.

గుడి మెట్టు నుంచి తడి ఇసుక మొదలయ్యే దాకా టేపు పట్టాం, ఫొటోలు తీశాం, తేదీ వేసి పుస్తకంలో రాశాం. మనవడు అన్న వాళ్ళ నాన్నగారు రెండు గంటలు మాట్లాడారు. ఆయన చిన్నప్పుడు తిన్నె ఇంకా దక్షిణాన ఉండేదట, పలకల్ని తాడుతో కుట్టి చేసే మాసూలా పడవ దించే చోటు కూడా అప్పుడు వేరేట. పూర్వం బర్మా వెళ్ళే స్టీమర్ల దాకా ఈ పడవల మీదే మనుషుల్ని దాటించేవాళ్ళని వాళ్ళ నాన్న చెప్పేవాడట. తర్వాత నేను నీళ్ళలోకి దిగాను. మూడో కెరటం దొరికింది, చివరి దాకా వెళ్ళాను. ఒడ్డుకి వచ్చేసరికి ఆయన వేలు చూపించి, "నువ్వు ఎక్కిన చోట లోతు నడుము దాకే, నాలుగు బారలు అటు జరిగితే మనిషి మునుగుతాడు, అక్కడ ఎక్కకు" అన్నారు. దాన్ని కూడా చెల్లి అక్క పుస్తకంలో రాసుకుంది.

సమాచార హక్కు అర్జీ వకీలు గారు దిద్దిపెట్టారు, సోమవారం పోస్టు చేస్తున్నాం. కింద నా సంతకం, మనవడు అన్న సంతకం ఉన్నాయి. వాళ్ళ నాన్నగారు ఈసారి కాగితం మొత్తం చదివించుకుని విన్నాకే వేలిముద్ర వేశారు.